గుండె ఆపరేషన్ మచ్చ: లేజర్‌తో పూర్తిగా పోతుందా?

ప్రశ్న: నా వయసు 23. మాది నల్లగొండ జిల్లా. ఆరేళ్లప్పుడు నాకు గుండెలో రంధ్రం ఉందని ఆరోగ్యశ్రీ కింద ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేశారు. కాగితాల్లో ఏఎస్‌డీ అని ఉంది. ఇప్పుడు బాగానే ఉన్నాను, మందులేవీ వాడటం లేదు. కానీ గొంతు కింద నుంచి ఛాతీ మధ్య వరకు నిలువుగా మచ్చ ఉంది. ఇంటర్ చదివేటప్పటి నుంచి దాని పైభాగం ఉబ్బి గట్టిపడింది. రాత్రిళ్లు దురద. మే నెల ఎండల్లో కూడా క్లోజ్ నెక్ డ్రెస్సులే వేసుకుంటాను, చున్నీకి రెండు వైపులా పిన్నులు పెట్టుకుంటాను. అద్దంలో చూసుకోవాలంటే ఏడుపొస్తుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయ్యేదాకా ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంటోంది. లేజర్‌తో మచ్చ పూర్తిగా పోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: పూర్తిగా పోదమ్మా. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ‘మచ్చలు మాయం’ అన్న బోర్డులు నమ్మి, సిట్టింగుకు ఇంతని కట్టి, చివరికి అప్పు మిగుల్చుకుని వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. మచ్చ ఉబ్బు తగ్గించవచ్చు, దురద పోగొట్టవచ్చు, రంగును పక్క చర్మానికి కొంత దగ్గరగా తేవచ్చు. తెగిన చోట మళ్లీ పుట్టినప్పటి చర్మాన్నే మొలిపించే చికిత్స మాత్రం ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు.

కత్తి పడిన చోట శరీరం ముందుగా కొలాజెన్ అనే పీచును గబగబా నింపి గాయాన్ని మూసేస్తుంది. ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర పాటు ఆ తాత్కాలిక పీచును తీసేస్తూ గట్టి పీచును వేసుకుంటూ పోతుంది. అంత చేసినా ఆ చోట బలం మామూలు చర్మంతో పోలిస్తే 80 శాతం దాకానే వస్తుంది. మచ్చలో వెంట్రుక కుదుళ్లు, చెమట గ్రంథులు ఉండవు. అందుకే అది నున్నగా మెరుస్తూ కనిపిస్తుంది. మీకు ఆరేళ్లప్పుడు పెట్టిన గాటు మీతో పాటే పెరిగి సాగింది కాబట్టి వెడల్పయింది కూడా.

ఇక పైభాగంలో ఉబ్బు. మీరు రాసిన దాన్ని బట్టి కీలాయిడ్ అయి ఉండవచ్చు. గాటు పరిధిలోనే ఉబ్బితే హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటాం. గాటు దాటి పక్క చర్మంలోకి పాకితే కీలాయిడ్. డాక్టరు చేత్తో తడిమి చూస్తే ఈ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది. ఛాతీ మధ్య, భుజాలు, చెవి తమ్మెలు దీనికి అనువైన చోట్లు. మన లాంటి రంగు చర్మం ఉన్నవాళ్లలో ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో వరుసగా వస్తుంది. యుక్తవయసులో ఉన్నట్టుండి పెరుగుతుంది, మీకు ఇంటర్‌లో మొదలైంది అందుకే. వంకాయ, గోంగూర తిన్నందుకో, ఆపరేషన్ తర్వాత పథ్యం సరిగా చేయనందుకో వచ్చింది కాదు. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ‘అప్పుడే చెప్పాను, వినలేదు’ అనే మాట ఇలాంటి ఇళ్లలో తల్లుల మీద పడుతుంది.

దీనికి మొదటి చికిత్స లేజర్ కాదు, ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్. నేరుగా మచ్చలోకే, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కొన్ని విడతలు ఇస్తారు. నొప్పి ఉంటుంది, అందుకే మత్తుమందు కలిపి ఇస్తారు. ఎక్కువమందికి ముందు దురద తగ్గుతుంది, తర్వాత ఉబ్బు అణుగుతుంది. కొందరికి ఆ చోట చర్మం పలచబడి తెల్లగా అవుతుంది, నెలసరి కాస్త అటూ ఇటూ కావచ్చు. ఇవి డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. దాంతో పాటు సిలికాన్ షీట్ లేదా జెల్ వాడాలి. షీట్ అయితే రోజుకు కనీసం 12 గంటల చొప్పున మూడు నెలలైనా ఉంచాలి. రెండు వారాలు పెట్టి ‘పనిచేయలేదు’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. లేజర్ ఆ తర్వాతి మాట, అదీ ఇంజెక్షన్లకు తోడుగానే.

కత్తితో కోసి తీసేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఆగండి. ఒట్టి కోతతో వదిలేస్తే కీలాయిడ్ సగానికి పైగా మందిలో తిరిగి వస్తుంది, కొన్నిసార్లు మునుపటి కంటే పెద్దదై వస్తుంది. జీడిగింజ రసం, సున్నం, వెల్లుల్లి ముద్ద లాంటివి పెట్టొద్దు. చర్మం కాలి, ఆ పుండు మీద మళ్లీ మచ్చ కడుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినా అంతే. కొబ్బరినూనె రాసుకుంటే నష్టం లేదు.

ఇంతవరకు చర్మం సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అద్దం గురించి రాసిన మాట. ఆ మచ్చ కింద ఏం జరిగిందో మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు.

ఏఎస్‌డీ అంటే గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం. మంచి రక్తంలో కొంత మళ్లీ ఊపిరితిత్తులకే పోతూ ఉంటుంది. చిన్నప్పుడు పెద్దగా తెలియదు, పిల్లలు ఆడుతూ పాడుతూనే ఉంటారు. పెద్ద రంధ్రాన్ని మూయకుండా వదిలేస్తే గుండె కుడివైపు సాగిపోతుంది. ముప్ఫై, నలభై ఏళ్లకు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ మొదలవుతాయి. కొందరిలో ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగిపోయి, ఇక రంధ్రం మూయడానికి కూడా వీలుకాని స్థితి వస్తుంది. ఆ స్థితిలో ఆడవాళ్లకు గర్భం ప్రాణాంతకం. మీకు ఆ ప్రమాదం రాకుండా ఆరేళ్లకే అడ్డుకట్ట వేశారు.

ఈ ఆపరేషన్ చరిత్ర మరీ పాతదేమీ కాదు. గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి గుండెను తెరిచి, విజయవంతంగా చేసిన మొదటి ఆపరేషన్ 1953 మేలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగింది. చేసినది డాక్టర్ జాన్ గిబ్బన్. ఆయన మూసింది ఏఎస్‌డీనే, మీకున్నదే. పేషెంటు 18 ఏళ్ల అమ్మాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలికి వెళ్లే తల్లిదండ్రులు కూడా తెల్లకార్డు పట్టుకుని కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కగలిగారు. ఇప్పుడు కొన్ని ఏఎస్‌డీలను తొడ దగ్గరి రక్తనాళం గుండా చిన్న పరికరం పంపి, ఛాతీ కోయకుండానే మూస్తున్నారు. రంధ్రం మరీ పెద్దదైనా, చుట్టూ అంచు చాలకపోయినా ఇప్పటికీ ఆపరేషనే. మీ లాంటి నిలువు మచ్చ ఉన్న ఈడు పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. అందరూ మీలాగే క్లోజ్ నెక్ వేసుకుంటే ఒకరికొకరు ఎలా కనిపిస్తారు?

నా దగ్గరికి వచ్చేవాళ్లను మచ్చ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చూపించమంటే, చాలామంది వేలిని ఒంటికి ఆనించరు. అంగుళం ఎడంగా, గాల్లోనే గీత గీస్తారు. తమ ఒంటి మీది ఒక చోటును ఏళ్ల తరబడి తాకకుండా గడిపినవాళ్లు వీళ్లు. అందుకే మందుల చీటీ మీద మాలిష్ కూడా రాస్తాను. స్నానం అయ్యాక కొంచెం నూనె గానీ మాయిశ్చరైజర్ గానీ తీసుకుని, వేలి కొసలతో గుండ్రంగా ఐదు నిమిషాలు రుద్దండి, రోజుకు రెండుసార్లు. అద్దం చూడబుద్ధి కాకపోతే మొదట్లో కళ్లు మూసుకునే చేయండి. చేతికి గట్టిగా తగిలేది ఏది, మెత్తగా ఉన్నది ఏది, స్పర్శ తక్కువున్నది ఎక్కడో మీకే తెలుస్తుంది. మధ్యలో చర్మం కింద సన్నటి బుడిపె తగిలితే కంగారు పడొద్దు. కోసిన ఛాతీ ఎముకను చాలామందికి స్టీలు తీగలతో కట్టి అలాగే ఉంచేస్తారు, దాని ముడి అది. నొప్పి పెట్టినా, చర్మాన్ని పొడుచుకుని వస్తున్నట్టున్నా చూపించండి. మాలిష్‌తో మచ్చ కొంత మెత్తబడుతుంది. అంతకు మించి, ఆ చోటు మళ్లీ మీ ఒంట్లో భాగమవుతుంది. వైద్యం చేయించుకోవడం, మచ్చను మనదిగా ఒప్పుకోవడం ఒకదానికొకటి అడ్డం కాదు. దురద తగ్గినవాళ్లే చున్నీ పిన్ను ముందుగా తీస్తారు. ఏడుపు ఆగకపోయినా, బయటికి వెళ్లడం మానేసినా, బతుకు మీద విరక్తి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

పెళ్లి సంగతి. అమ్మను తప్పు పట్టను. ఆరేళ్ల పిల్లను ఆపరేషన్ థియేటర్‌లోకి పంపి బయట కూర్చున్న మనిషి ఆమె. ఇప్పుడు ఎవరో వచ్చి ‘గుండె జబ్బు పిల్ల’ అనేసి వెళ్తారని భయం. అయినా దాచడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. మచ్చ పెళ్లయిన రోజే బయటపడుతుంది, అప్పుడు చర్చ మచ్చ మీద ఉండదు, దాచిన దాని మీద ఉంటుంది. పెద్దల మధ్య మాట ఖాయం కాకముందే అబ్బాయితో మీరే చెప్పండి. ‘చిన్నప్పుడు గుండెలో రంధ్రానికి ఆపరేషన్ అయింది, నయమైంది, ఇదిగో రిపోర్టు’ అంటే చాలు. తలవంచుకుని చెప్పాల్సిన మాట ఇందులో ఒక్కటీ లేదు. విని వెనక్కి తగ్గేవాళ్లు తగ్గనివ్వండి.

అందుకోసమే కాదు, మీ కోసం కూడా ఈ నెలలో కార్డియాలజిస్టును కలిసి ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్) చేయించుకోండి. రంధ్రం సరిగ్గా మూసుకుని, ఊపిరితిత్తుల్లో రక్తపోటు మామూలుగా ఉంటే గర్భం, కాన్పు చాలావరకు అందరిలాగే జరుగుతాయి. పుట్టే బిడ్డకు గుండె లోపం వచ్చే అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువ కాబట్టి, గర్భం వచ్చాక 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ గుండెకు ఫీటల్ ఎకో అనే స్కానింగ్ చేయించాలి. గర్భంతో ఉన్నప్పుడు కీలాయిడ్ పెరగవచ్చు, ఇంజెక్షన్లు ముందే పూర్తి చేసుకుంటే మేలు. పాత డిశ్చార్జి సమ్మరీ కాగితం మాసిపోకముందే జిరాక్స్ తీసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి అమ్మను కూడా తీసుకెళ్లండి, ఆమె అడగాల్సినవి ఆమెకూ ఉంటాయి.