జాజ్ గోలలా వినిపిస్తోందా? ముందు బేస్ పట్టుకోండి

పదేపదే వింటే ఏ సంగీతమైనా నచ్చుతుందంటారు, మరి జాజ్ ఎన్నిసార్లు విన్నా నాకు గోలలాగే ఎందుకుంది అని అడిగారు. ఆ మాట సగమే నిజం. పరిచయం పెరిగితే ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయోంట్స్ 1968లో చూపించాడు. కానీ మొదటే చిరాకు పుట్టించినదాన్ని అలాగే మళ్లీ మళ్లీ వింటే చిరాకే ముదురుతుంది. సంగీతంలో రుచి చాలావరకు ఎదురుచూపులో ఉంటుంది. ఇప్పుడిది రావాలి అని చెవి అనుకోవాలి. అది రావాలి, లేదా కొంటెగా తప్పించుకోవాలి. దేనికోసం ఎదురుచూడాలో తెలియనంతకాలం ఎంత గొప్ప సాక్సఫోనైనా గోలే. కాబట్టి ముందు ఆవర్తనం, అంటే పాట పొడవునా మళ్లీ మళ్లీ తిరిగే చట్రం, ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతోందో పట్టుకోవాలి.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. జాజ్‌లో నడకంతా డబుల్ బేస్‌దే, అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి తీగ వాయిద్యానిదే. దాని అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఫోన్లోని చిన్న స్పీకర్ ఆ మోతను దాదాపు మింగేస్తుంది. ఇక మిగిలేది ట్రంపెట్, సాక్సఫోన్, తాళాల గలగల. నేల తీసేసి ఆటగాళ్లను చూపించినట్టుంటుంది. మామూలు హెడ్‌ఫోన్లు చాలు.

ఒక్క పాటే ఎంచుకోండి. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటిది, 'సో వాట్', దీనికోసమే పుట్టినట్టుంటుంది. తొమ్మిది నిమిషాల పైచిలుకు. లయ లేని చిన్న ఎత్తుగడ అయ్యాక బేస్ ఒక మాట అంటుంది, మిగతావాళ్లు రెండు దెబ్బల్లో బదులిస్తారు. ఆవర్తనానికి 32 బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు. ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాల్లో మొదటి రెండూ ఒకటే, మూడోది మొత్తంగా అరస్వరం (పియానో మీద పక్క మెట్టంత) పైకి జరుగుతుంది, నాలుగోది మళ్లీ కిందికి దిగుతుంది. అంతే. ఆవర్తనం నిమిషంలోపే అయిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు రోజుకోసారి విని, ఆ అరస్వరం జరిగే చోటు మాత్రం గుర్తుపట్టండి. స్వరాల పేర్లు తెలియక్కర్లేదు, వెలుతురు మారినట్టు తెలిసిపోతుంది. తర్వాత సోలోల్లో, అంటే ఒక్కొక్కరు ముందుకొచ్చి అప్పటికప్పుడు కల్పించి వాయించేటప్పుడు, బేస్ వేసే అడుగులు వినండి, దాదాపుగా దెబ్బకొక స్వరం. చిటికె మాత్రం 2, 4 దెబ్బల మీద వేయండి, డ్రమ్స్‌లో హై-హ్యాట్ (కాలితో నొక్కితే కలుసుకునే తాళాల జత) మూసుకునేది అక్కడే. 1, 3 మీద వేస్తే నేరమేం కాదు గానీ, పాట ఊగదు, కవాతు చేస్తున్నట్టుంటుంది.

ఇక లెక్క. ట్రంపెట్‌కి రెండు ఆవర్తనాలు, తర్వాత కోల్ట్రేన్ టెనర్ సాక్స్‌కి రెండు, ఆడర్లీ ఆల్టో సాక్స్‌కి రెండు, బిల్ ఎవాన్స్ పియానోకి ఒకటి. ఇక్కడే చాలామంది తప్పిపోతారు, కారణం సులువే. ఒక ఆవర్తనం చివరి భాగమూ తర్వాతి దాని మొదటి రెండు భాగాలూ ఒకేలా ఉండటంతో వరసగా 24 బార్లు ఏ మార్పూ ఉండదు. వాయించేవాళ్లకే ఒక్కోసారి లెక్క జారుతుంది. జారితే వెనక్కి వెళ్లకండి, మళ్లీ అరస్వరం పైకి జరిగేదాకా ఆగి అక్కడినుంచి ఎక్కండి.

అన్నింటికన్నా పనిచేసేది మరొకటుంది. సోలో జరుగుతుండగా పాట మొదట్లో విన్న అసలు వరసను, అంటే బేస్ మాటనూ దాని బదులునూ, లోలోపల కూనిరాగం తీస్తూ ఉండండి. అప్పుడు సోలో గాల్లో ఎగిరే స్వరాల గుంపుగా కాక, మీకు తెలిసిన పాటతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఇది కుదిరిన రోజున 'గోల' అనే మాట దానంతటదే పోతుంది. నా లెక్కలో పది పన్నెండు సార్లు వినడం చాలు, కానీ పని చేసుకుంటూ వెనకాల పెట్టుకున్నవి అందులోకి రావు.

రెండు వారాలైనా చిరాకు తగ్గకపోతే తప్పు జాజ్‌ది కాకపోవచ్చు, సాక్సఫోన్ గొంతే మీకు పడకపోవచ్చు. పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురే ఉండే బృందాలు విని చూడండి. అదే ఆల్బమ్‌లో రెండోది 12 బార్ల బ్లూస్, ఆవర్తనం ఇంకా చిన్నది, ఆ తర్వాత దానికి వెళ్లొచ్చు. జాజ్ అంటే అసలు ఇదీ అని ఎవరైనా సాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ ఆల్బమ్ 'ఫ్రీ జాజ్' చేతికిస్తే మాత్రం పక్కన పెట్టండి. రెండు బృందాలు కలిసి సుమారు 37 నిమిషాలు వాయిస్తాయి, పైన చెప్పినట్టు లెక్కపెట్టుకోవడానికి అందులో ఆవర్తనమే ఉండదు.