మా వీధిలో అందరికీ టైఫాయిడే

కరోనా రెండో వేవ్‌లో జనం నిర్లక్ష్యం ఎక్కువా, అధికారుల నిర్లక్ష్యం ఎక్కువా, మీ ఊళ్ళో ఏం చూశారో చెప్పండి అని అడిగారు. ఆ రెంటినీ విడదీసి చెప్పడం నావల్ల కాదు. మా ఊళ్ళో జనం జ్వరాన్ని దాచారు. దాచిన జ్వరం గురించి పై ఆఫీసుల్లో ఎవరూ అడగలేదు. మా చిన్నాయన ఆ రెంటి మధ్యా పోయాడు. ఆయన సంగతే రాస్తాను.

మాది కందుకూరు దగ్గర పల్లె. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక నెల్లూరు జిల్లాలోకి వచ్చాం. రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. ఆ రోజుల్లో మా ఊరి పొలిమేరలో రోడ్డుకడ్డంగా ముళ్ళకంప వేసి కాపలా కాశారు. ఏప్రిల్‌లో నెల్లూరు డాక్టరు ఒకాయన కరోనాతో చెన్నైలో చనిపోతే, అంబత్తూరు శ్మశానంలో దహనం చెయ్యడానికి అక్కడి జనం ఒప్పుకోలేదు. ఎంతోమందికి వైద్యం చేసిన మనిషికే ఆ గతి పడితే మన గతేంటని మా ఊళ్ళో ఇంటింటా అదే మాట. దాచుకోవడం అక్కడే మొదలైందని నా నమ్మకం. జబ్బుకంటే పేరు బయటపడుతుందన్న భయం ఎక్కువైపోయింది.

ఏడాది తిరిగేసరికి ముళ్ళకంప వేసినవాళ్ళే మాస్కు తీసేశారు. 2021 ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు. పార్టీలవాళ్ళు గుంపులుగా గడప గడపకీ వచ్చారు. ఎవరూ రావద్దనలేదు, మేమూ అనలేదు. ఇంకోపక్క పొగాకు గ్రేడింగ్. రేకుల షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్ళు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఆకు వేరు చేస్తారు. ఆ ఘాటుకి ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. ఏ దగ్గు దేనిదో ఎవరు కనిపెడతారు?

ఏప్రిల్ చివరికి వీధిలో ప్రతి రెండో ఇంట్లో జ్వరం. ఊరి ఆర్‌ఎంపీ అందరికీ టైఫాయిడ్‌కి చేసే విడాల్ టెస్టు రాయించాడు. అందరికీ టైఫాయిడ్ అనే వచ్చింది. ఎప్పుడో పాత జ్వరం వచ్చిపోయినా, వేరే ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ టెస్టు పాజిటివ్ చూపించగలదని నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ మాట వినగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. వేపచెట్టు కొమ్మకి సెలైన్ బాటిల్ కట్టి, కింద నులక మంచం వేసి ఎక్కించేవారు. ఆ ఆర్‌ఎంపీని తిట్టడానికి నాకు నోరు రాదు. ఇంకెవరూ గడప తొక్కని రోజుల్లో ఆయనే వచ్చాడు.

చిన్నాయనకి 54 ఏళ్ళు. జ్వరం వచ్చిన నాలుగో రోజు నుంచి టెస్టు చేయిద్దామని నేను పోరుతూనే ఉన్నాను. ఇంకా 22 పొగాకు బేళ్ళు అమ్మాల్సి ఉంది, పాజిటివ్ అంటే షెడ్డుకి కూలీలు రారు, చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం, ఆ మాట ఎత్తొద్దన్నాడు. ఆరో రోజు నీరసపడిపోయి తనే సరే అన్నాడు. శాంపిల్ ఇచ్చాం. ఫోన్‌కి ఐడీ నంబరు వచ్చింది. రిజల్టు మాత్రం ఇవాళ్టికీ రాలేదు. వెళ్ళి అడిగితే, పైనుంచి రావాలి, మా చేతిలో లేదన్నారు. పైన ఎవర్ని అడగాలంటే చెప్పేవాళ్ళు లేరు.

ఒంట్లో ఆక్సిజన్ శాతం, అదే శాచురేషన్, చూపించే ఆక్సీమీటర్ వీధి మొత్తానికి ఒకటే, ఒక టీచరుగారు కొన్నది. చిన్న స్టీలు డబ్బాలో ఇల్లిల్లూ తిరిగేది. మే 11 పొద్దున చిన్నాయన వేలికి పెడితే 86 చూపించింది. బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని నా వేలికి పెట్టుకున్నాను, 98. గోరు తుడిచి మళ్ళీ ఆయనకి పెట్టాను. 86. ఆయన మాత్రం మంచం మీద కూర్చుని మామూలుగా మాట్లాడుతున్నాడు. "మబ్బు పట్టినట్టుంది, బేళ్ళ మీద పట్ట కప్పార్రా?" అని అడిగాడు. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలని, మనిషి బాగానే మాట్లాడుతున్నా లోపల ఆక్సిజన్ పడిపోతూ ఉండొచ్చని ఒక్కరు మాకు ముందు చెప్పి ఉంటే! ఎన్ని రోజుల నుంచి పడిపోతూ ఉందో మాకు తెలియదు. ఆ రోజు దాకా ఎవరూ ఆయన వేలికి దాన్ని పెట్టలేదు, నేను కూడా.

బెడ్ కోసం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పేరు, వయసు, ఆధార్ నంబరు రాసుకుని మళ్ళీ చేస్తామన్నారు. కారు మాట్లాడుకుని బయల్దేరాం. మొదటి ఆసుపత్రిలో బెడ్లు లేవు. రెండోచోట కౌంటర్‌లో ఉన్నాయన చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "పాజిటివ్ రిపోర్టు లేకుండా కోవిడ్ వార్డులో చేర్చుకోం. ఈ శాచురేషన్‌తో మామూలు వార్డులో చేర్చుకోం." అప్పటికే తీయించిన ఛాతీ స్కాన్‌లో కోరాడ్స్ 5 అని, అంటే కోవిడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువని, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కి 17 అని ఉంది. చేతిలో పెడితే తిరగేసి కూడా చూడలేదు. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఏంటంటే, పాజిటివ్ రిపోర్టు లేకపోయినా చేర్చుకోవాలి, అనుమానిత కేసులని వేరే వార్డులో ఉంచాలి అని కేంద్ర ఆరోగ్య శాఖ మే 8నే, అంటే సరిగ్గా 3 రోజుల ముందే, ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఆ కౌంటర్ దాకా రాలేదో, వచ్చినా చదవలేదో.

మూడోచోట ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చుకున్నారు. రెండో రోజు తెల్లవారుజామున పోయాడు. హెల్ప్‌లైన్ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది ఆయన పెద్దకర్మ నాడు. పేషెంట్ ఇంట్లో విడిగానే ఉంటున్నారా, మందులు వాడుతున్నారా అని అడిగింది ఆ అమ్మాయి. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె ముందు ఉన్న లిస్టులో మా చిన్నాయన ఇంకా బతికే ఉన్నాడు.

ఆ నెలలోనే కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన కరోనాకని ఇచ్చే నాటు మందు కోసం మా ఊరి నుంచి వ్యాన్లు కట్టించుకుని వెళ్ళారు. మే 21న వేల మంది ఒక్కసారి వచ్చిపడటంతో పంపిణీ ఆపేశారు. నెలాఖరులో ఆయన మందుల్లో కొన్నిటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, కంట్లో వేసే చుక్కలకి ఇవ్వలేదు. ఆ జనాన్ని అందరూ మూర్ఖులన్నారు. మాస్కుల్లేకుండా అంతమంది గుమిగూడటం తప్పే. కానీ మూడు ఆసుపత్రుల గడపలెక్కి దిగినవాణ్ణి, నేను ఆ మాట అనలేను.

తర్వాత సుప్రీంకోర్టు చెప్పడంతో కోవిడ్ మృతుల కుటుంబాలకి 50,000 రూపాయల పరిహారం వచ్చింది. దరఖాస్తు పెడితే పాజిటివ్ రిపోర్టు లేదని మొదట పక్కన పడేశారు. ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరు పరీక్షలు చూసి కోవిడ్ అని నిర్ధారించినా చాలని 2021 సెప్టెంబరు మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి, స్కాన్, నర్సింగ్ హోమ్ కేస్‌షీటు జతచేసి, జిల్లా కమిటీకి మళ్ళీ పెట్టాను. అయిదు నెలలు తిరిగాక వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఏ జబ్బొచ్చినా సరే, శాంపిల్ ఐడీ దగ్గర్నుంచి మందుల చీటీ దాకా ఏ కాగితమూ పారెయ్యకండి, దణ్ణం పెట్టి చెబుతున్నాను.

మా వీధిలో ఆ మే నెలలో నలుగురు పోయారు. కోవిడ్ లెక్కలోకి ఎక్కింది చిన్నాయన ఒక్కడే, అదీ పోట్లాడితే. 2020, 2021 రెండేళ్ళలో మన దేశంలో మామూలుగా కంటే 47 లక్షల మంది ఎక్కువ చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. ప్రభుత్వం లెక్క అప్పటికి 5 లక్షల చిల్లర. ఆ అంచనా వేసిన పద్ధతిని కేంద్రం ఒప్పుకోలేదు. ఎవరి పద్ధతి సరైందో తేల్చేంత చదువు నాకు లేదు. మా వీధి మాత్రం నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

పరిహారం వచ్చాక మిగతా మూడిళ్ళకీ వెళ్ళాను, మీరూ పెట్టండి, నేను రాసిపెడతానని. ఒకింట్లో అవ్వ, కొడుకు పోయినావిడ, లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తీసి, ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా మడతపెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ల్యాబ్ చీటీ. విడాల్ పాజిటివ్. "మావాడిది టైఫాయిడ్ నాయనా, కరోనా కాదు. చూడు, రాసిచ్చారు కూడా" అంది. ఇంట్లో ఉన్న కాగితం అదొక్కటే.