రెండు డైలాగులున్న వాళ్ల కోసం రాయి

తమ్ముడూ,

మీ యూత్ థియేటర్ గ్రూపు కోసం నువ్వు రాసిన నాటిక స్క్రిప్టు అందింది. దాంతోపాటు నీ ఫిర్యాదుల చిట్టా కూడా. డైరెక్టరు మూడో సీను సగానికి సగం కోసేశాడు, హీరో వేషం వేసే కుర్రాడు నీ డైలాగుల్ని నోటికొచ్చినట్టు మార్చేస్తున్నాడు, గ్రూపులో పద్నాలుగు మంది ఉంటే రిహార్సల్‌కి పది మంది కూడా రావడం లేదు. మూడింటిలో అసలు సంగతి ఆఖరిది. దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతా రెండిటికీ జవాబు మధ్యలో అదే వస్తుంది.

కథ బాగుంది. సంభాషణలో చురుకుంది, ఎక్కడా పుస్తకాల భాష దొర్లలేదు. అయితే చదువుతూ చదువుతూ ప్రతి పేజీ పక్కనా పెన్సిల్‌తో ఒక లెక్క రాసుకున్నాను, ఆ పేజీలో స్టేజీ మీద ఉండి కూడా నోరు విప్పనివాళ్లు ఎవరెవరు అని. రెండో సీనులో ఏడుగురు ఉన్నారు, మాట్లాడేది ఇద్దరు. మిగతా ఐదుగురి గురించి నువ్వు రాసిందల్లా "అందరూ వింటూ ఉంటారు" అని ఒక్క ముక్క. ఏ పనీ లేకుండా స్టేజీ మీద నిలబడి వినడం ఆరితేరిన నటులకే కష్టం. పదిహేనేళ్ల పిల్లని అంతసేపు అలా నిలబెడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు గోళ్లు గిల్లుకుంటుంది, తర్వాత పక్కమ్మాయితో గుసగుసలు మొదలుపెడుతుంది, ఆ తర్వాత తలనొప్పి అని రిహార్సల్ ఎగ్గొడుతుంది. పిల్లలకి బాధ్యత లేదని రాశావు. ఆ ఐదుగురికి నీ స్క్రిప్టులో పనే లేదు మరి.

హీరో కోసం రాయకు. ఆ పాత్ర ఎలాగూ నిలబడుతుంది, అడిగి మరీ తీసుకునేవాళ్లు ఉంటారు. రెండు డైలాగులున్న వాళ్ల కోసం రాయి. యూత్ థియేటర్ గ్రూపుకి రాయడంలో నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే.

వృత్తి నాటకంలో పాత్రకి తగ్గ నటుణ్ని వెతుకుతారు. ఇక్కడ వచ్చినవాళ్లందరికీ తగ్గ పాత్రలు వెతకాలి, ఆ వెతుకులాట నీది. వచ్చేవాళ్లలో నటన పిచ్చి ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. మిగతావాళ్లలో స్నేహితురాలు వస్తోందని వచ్చేవాళ్లు, పదిమందిలో మాట్లాడే భయం పోతుందని అమ్మానాన్నలు తోలితే వచ్చినవాళ్లు, లైట్లన్నా వైర్లన్నా ఇష్టమున్నవాళ్లు, ఇంట్లో ఉండబుద్ధి కాక వచ్చేవాళ్లు, అందరూ ఉంటారు. వాళ్లలో ఎవరు రేపు మంచి నటులవుతారో నీకూ తెలియదు, డైరెక్టరుకీ తెలియదు. ఇలాంటి గుంపుకి రాయడం ప్రత్యేకమైన పనే అని గుర్తించినవాళ్లు ఉన్నారు. లండన్‌లోని నేషనల్ థియేటర్ 1995లో కనెక్షన్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 13 నుంచి 19 ఏళ్ల వాళ్లు వేయడానికని పేరున్న రచయితల చేత కొత్త నాటకాలు రాయిస్తోంది. పెద్దవాళ్ల నాటకాన్ని కుదించి పిల్లల చేతిలో పెడితే సరిపోదని వాళ్లకీ అర్థమైనట్టుంది.

పని ఇవ్వడం అంటే డైలాగులు పంచడం అనుకోకు. ఇద్దరి మధ్య జరగాల్సిన గొడవని ఏడుగురికీ తలా ఒక వాక్యం పంచితే గొడవ చచ్చిపోతుంది. పని అంటే చేతికి పని. నేను రాసిన ఒక నాటికలో ఇల్లు అమ్మాలా వద్దా అని తల్లీకొడుకులు వాదించుకునే సీను ఉంది. ఆ సీనులో ఒకమ్మాయికి మాటల్లేవు, ఊరికే ఉండాలి. ఆ పిల్ల ఇబ్బంది చూసి డైరెక్టరు ఒక గుట్ట ఉతికిన బట్టలు ముందు పడేసి మడతపెట్టమంది. మొదటి రోజు ఊరికే మడతపెట్టింది. తర్వాతి రిహార్సల్‌కి ఎవరూ చెప్పకుండానే, గొడవ పెరుగుతున్నకొద్దీ చేతుల వేగం పెంచింది. కొడుకు "అమ్మేద్దాం" అనగానే చేతిలో ఉన్న చొక్కా మడత సగంలో ఆగిపోయింది. తల్లి పాత్రధారి తన డైలాగు మొదలుపెట్టబోయి ఆ చొక్కా వైపు చూసింది. తల్లికి కోపం ఎందుకొచ్చిందో వివరిస్తూ నేను రాసిన నాలుగు లైన్లు ఆ క్షణం నుంచి దండగ. పెన్నుతో అడ్డంగా కొట్టేసి "చొక్కా మడత సగంలో ఆపుతుంది" అని రాసుకున్నాను. ఆ పిల్ల ఆ నాటిక అయ్యేదాకా ఒక్క రిహార్సల్ మానలేదు.

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం పైకి కనబడటం). మనం కాగితం మీద పెట్టగలిగేది ప్రధానంగా వాచికమే. మిగతా మూడింటికీ చోటు వదలాలి. నీ మూడో సీను మళ్లీ చూడు. కొడుకు భయపడుతున్నాడని చెల్లెలు చెబుతుంది, స్నేహితుడు చెబుతాడు, చివరికి వాడే చెబుతాడు. భయం నటించడానికి ఆ కుర్రాడికి ఇంకేం మిగిల్చావు? డైరెక్టరు కోసింది ఎక్కువగా ఈ వివరణలే. నేనైతే ఇంకో అరపేజీ కోసేదాన్ని. ఒక్క తలుపు డైలాగు మాత్రం కోయకూడదు, అది ఆఖరి సీనుకి ముడి. దానికోసం పోట్లాడు, మిగతావి వదిలెయ్యి.

డైలాగులు మార్చేస్తున్నాడన్న కుర్రాడి సంగతి. మార్చేవాడు రెండు రకాలు. పాఠం రాక మార్చేవాడు రోజుకో రకంగా మారుస్తాడు. నోరు తిరగక మార్చేవాడు ప్రతిసారీ ఒకే చోట, ఒకేలా మారుస్తాడు. మొదటివాణ్ని డైరెక్టరుకి వదిలెయ్యి. రెండోవాడి మార్పుని మాత్రం స్క్రిప్టులో రాసుకో, ఎక్కువసార్లు అదే మెరుగ్గా ఉంటుంది. కానీ ఎదుటివాడి డైలాగుకి క్యూ అయ్యే మాటలు, అంటే అవి వినగానే వాడు తన డైలాగు అందుకోవాల్సిన మాటలు, కథ ముడిపడిన మాటలు స్క్రిప్టులో గీత గీసి పెట్టు. అవి మారడానికి వీల్లేదని, అందరూ కూర్చుని స్క్రిప్టు పైకి చదివే మొదటి రీడింగ్ రోజే అందరిముందూ చెప్పు. క్యూ మారితే దెబ్బ తగిలేది రెండు డైలాగులున్న వాడికే. తన మాట కోసం అరగంట టెన్షన్‌తో ఎదురుచూస్తాడు. ఆ మాట రాదు. వీడు నోరు తెరవడు. తర్వాత తప్పు వీడిదే అంటారు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో తేలేది ఆ చివరి మాటలోనే. కొత్త నటుడికి ఊపిరి అయిపోయేది కూడా అక్కడే. నీ స్క్రిప్టులో ఉంది చూడు, "ఆ రోజు రాత్రి ఆ ఉత్తరం మొత్తం చదివాక కూడా వాడు చెప్పిన ఒక్క మాటనీ నేను నమ్మలేదు" అని. "నమ్మ" దాకా వినిపించి "లేదు" గొంతులోనే ఉండిపోతే వెనక వరసలో కూర్చున్నవాళ్లకి కథ తలకిందులవుతుంది. "నేను నమ్మలేదు. ఉత్తరం మొత్తం చదివాను. అయినా నమ్మలేదు." ఇలా విరగ్గొట్టు. గొంతు పెంచమని పిల్లల మీద అరిచే బదులు వాక్యం తుంచడం తేలిక. రీడింగ్‌లో స్క్రిప్టు చూడకుండా కళ్లు మూసుకుని కూర్చో, ఎక్కడెక్కడ తుంచాలో చెవులే చెబుతాయి.

అన్నట్టు, కుర్రకారు యాస పట్టుకోవాలని తాపత్రయపడకు. ఈ నెల వాళ్లు వాడే మాట ప్రదర్శన నాటికి పాతబడుతుంది, పైగా పెద్దవాళ్లు రాసినట్టు తెలిసిపోతుంది. నువ్వు మామూలు మాట రాయి. వాళ్ల మాట వాళ్లే తెచ్చుకుంటారు.

రాయడం ఎక్కడ ఆగిపోయినా రిహార్సల్ గదిలోకి వెళ్లి పిల్లల చేత ఇంప్రొవైజేషన్ (స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు ఆడటం) చేయించమని డైరెక్టరుని అడుగు. అయితే "నువ్వు బాధలో ఉన్నావు, చెయ్యి" అంటే ఎవరూ కదలరు. అమెరికా నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ 1930ల చివర్లో చికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేసింది. వేర్వేరు భాషలు, వేర్వేరు అలవాట్లు ఉన్నవాళ్లకి నటన గురించి ఉపన్యాసాలు ఎక్కవు కాబట్టి అంతా ఆటలుగా మార్చింది. ఇవాళ నాటక శిబిరాల్లో ఆడించే ఆటల్లో చాలావాటికి మూలం ఆమె పనే. ఆటలో ఎప్పుడూ ఒక పని, ఒక అడ్డంకి ఉంటాయి. "ఆ కుర్చీలో నువ్వు కూర్చోవాలి, వాడు లేవకూడదు" అని చెప్పి చూడు. పావుగంటలో నీకు పనికొచ్చే మాటలు నాలుగు దొరుకుతాయి. నోట్‌బుక్ మాత్రం వాళ్ల ముఖాల ముందు తెరవకు, జాగ్రత్తపడిపోతారు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, కాస్త నిలిచి చదువు. అలాంటి ఆటల మధ్యలో, లేదా రిహార్సల్ అయ్యాక కింద గుండ్రంగా కూర్చున్నప్పుడు, ఎవరో ఒక కుర్రాడు ఇంటి సంగతి చెప్పేస్తాడు. నాన్న తాగొచ్చి ఏం చేస్తాడో చెబుతాడు. గదిలో ఎవరూ మాట్లాడరు. నీలో రచయితకి ఆ మాట ఎంత విలువైనదో వెంటనే తెలిసిపోతుంది. ఆగు. ఆ కుర్రాడు అది నీకు రాసుకోమని చెప్పలేదు, అక్కడ చెప్పొచ్చనిపించి చెప్పాడు. రేపు నాటకంలో అదే మాట వస్తే, ముందు వరసలో వాళ్ల నాన్న కూర్చుని ఉంటాడు. సాయంత్రం ఇంటికెళ్లాల్సింది ఆ కుర్రాడు, నువ్వు కాదు. విడిగా అడుగు. సరే అన్నా వారం ఆగి మళ్లీ అడుగు, ఎందుకంటే ఆ వయసులో పెద్దవాళ్ల ముందు కాదనడం కష్టం. ఒప్పుకున్నా మనుషుల్ని, సందర్భాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చు, ఆ పాత్ర మాత్రం అతని చేత వేయించకు. దెబ్బలు తింటున్నాడని నీకు తెలిసినప్పుడు నాటకం సంగతి తర్వాత, ముందు గ్రూపు బాధ్యత చూసే పెద్దవాళ్లకి చెప్పాలి. అతనికి చెప్పి మరీ చెప్పాలి.

హాజరు విషయానికి వస్తే, సగం బాధ్యత స్క్రిప్టు నిర్మాణానిది. పరీక్షలొస్తాయి, ఎవరికో జ్వరం వస్తుంది, ఒకరి కుటుంబం ఊరు మారిపోతుంది. ఏ ఒక్కరు రాకపోయినా మొత్తం ఆగిపోయేలా రాస్తే ఆ తప్పు వాళ్లది కాదు. ముగ్గురు నలుగురితో జరిగే చిన్న సీన్లు ఎక్కువ పెట్టుకో. ఒక మూల ఒకటి, ఇంకో మూల ఇంకొకటి రిహార్సల్ చేసుకోవచ్చు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. అందరూ ఉండే సీన్లు రెండు చాలు. అబ్బాయైనా అమ్మాయైనా వేయగలిగేలా కొన్ని పాత్రలు ఉంచు. అవసరమైతే రెండు చిన్న పాత్రలు ఒకటిగా కలిసిపోవాలి, ఎక్కువమంది వస్తే ఒకటి రెండుగా విడిపోవాలి.

సందేశాత్మక నాటకం రాసిపెట్టమని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. రాయి, తప్పులేదు. ఆఖరి సీనులో ఒక పిల్ల ముందుకొచ్చి ప్రేక్షకులకి బుద్ధులు చెప్పడం మాత్రం వద్దు. బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ ఫోరమ్ థియేటర్ అని ఒక పద్ధతి తెచ్చాడు. సమస్యని చెడు ముగింపు దాకా ఆడి, తర్వాత మళ్లీ మొదలుపెట్టి, "ఇక్కడ నువ్వయితే ఏం చేస్తావు" అని ప్రేక్షకుణ్నే స్టేజీ ఎక్కించి ఆడిస్తారు. నీ గ్రూపు వయసువాళ్లే ప్రేక్షకులైతే ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పెద్దలు ఎక్కువున్న సభలో అంత సులువు కాదు, మైకు దొరికితే ఉపన్యాసం మొదలుపెడతారు.

ప్రదర్శన రోజు నువ్వు వింగ్స్‌లో, అంటే స్టేజీ పక్క తెరల చాటున, ఉండకు. నిన్ను చూస్తే పిల్లలకి కంగారు. వెనక వరసలో కూర్చుని స్టేజీ కన్నా జనాన్ని ఎక్కువ గమనించు. ఎక్కడ కదిలారు, ఎక్కడ దగ్గారు, ఎక్కడ ఫోన్ తీశారు, అవన్నీ గుర్తుంచుకుని ఇంటికెళ్లి స్క్రిప్టులో రాసుకో. ప్రదర్శనతో పని అయిపోయిందనుకోకు. కన్యాశుల్కం 1892లో స్టేజీ ఎక్కింది, 1897లో అచ్చయింది. అయినా గురజాడ దాన్ని వదల్లేదు, 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. నీ నాటికకి పన్నెండేళ్లు అక్కర్లేదు, ఒక నెల చాలు.

నటుల తప్పులు నువ్వు నేరుగా వాళ్లకి చెప్పొద్దు, డైరెక్టరుకి చెప్పు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే మధ్యలో నలిగేది వాళ్లు.

మార్చిన స్క్రిప్టు వచ్చే నెలలోగా పంపు. నీ పాత్రల జాబితా చివర "కుర్రాడు 1, కుర్రాడు 2, ఆడపిల్లలు (ముగ్గురు)" అని ఉంది. ఆ ఐదుగురికీ పేర్లు పెట్టి, రెండో సీనులో ఒక్కొక్కరి చేతిలో ఏముందో రాసి పంపు.

ఉంటాను,
అక్క