రిహాబ్ నుంచి అమ్మను గురువారమే తీసుకెళ్లిపోవాలా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మకు 74 ఏళ్లు. పోయిన నెల బాత్రూమ్‌లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఐదు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి, అక్కడి నుంచి రిహాబ్‌కు, అంటే ఫిజియోథెరపీ, నర్సింగ్ ఇచ్చే కేంద్రానికి పంపారు. మామూలు మెడికేర్ (పెద్దవాళ్లకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంది, దానికి తోడు తీసుకునే సప్లిమెంట్ పాలసీ లేదు. ఈ మంగళవారం అక్కడి సోషల్ వర్కర్ ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. గురువారంతో మెడికేర్ ఆగిపోతుందట. ఆ రోజుకు రిహాబ్‌లో చేరి 24 రోజులవుతాయి. "మీ అమ్మగారు ఇంక మెరుగుపడేలా లేరు, శుక్రవారం నుంచి ఉండాలంటే రోజుకు 430 డాలర్లు" అంది. అమ్మ వాకర్ పట్టుకుని గది గుమ్మందాకా నడుస్తుంది, అంతే. మా ఇంట్లో పడకగదులన్నీ మేడ మీదే. గుంటూరులో ఉన్న అన్నయ్య అప్పు చేసైనా అక్కడే ఉంచమంటున్నాడు. నా 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి డబ్బు తీయనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రాత్రే మీకు రెండు ముక్కలు రాశాను. దీనికి గడువు గంటల్లో ఉంటుంది మరి. బుధవారం మధ్యాహ్నం 12 లోపే ఫోన్ చేశానని మీరు తిరిగి రాశాక నా మనసు కుదుటపడింది. ఇదే కాగితం చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్న తెలుగు కుటుంబాలు ఇంకా ఉంటాయి. అందుకే మిగతాదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీకిచ్చిన కాగితం పేరు నోటీస్ ఆఫ్ మెడికేర్ నాన్ కవరేజ్. కవరేజ్ ఆగడానికి కనీసం రెండు రోజుల ముందు అది ఇచ్చి తీరాలి. దాని మీద సంతకం పెడితే కాగితం ముట్టినట్టే తప్ప, ఒప్పుకున్నట్టు కాదు. అందులో ఉన్నది కూడా "మెడికేర్ ఇక డబ్బు కట్టదని మేం అనుకుంటున్నాం" అన్న మాటే. మంచం ఖాళీ చేయమని అందులో ఎక్కడా లేదు. ఈ తేడా తెలియకే చాలామంది ఆ సాయంత్రమే సామాను సర్దేస్తారు.

అదే కాగితం మీద క్యూఐఓ అనే సంస్థ ఫోన్ నంబరు ఉంటుంది. ఇది రిహాబ్‌కు సంబంధం లేని సంస్థ, మెడికేర్ తరఫున పనిచేస్తుంది. కవరేజ్ ఆగే తేదీకి ముందురోజు మధ్యాహ్నం 12 లోపు వాళ్లకు ఫోన్ చేసి అప్పీల్ అడగాలి. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. మామూలు మెడికేర్ అయితే 72 గంటల్లో తేలుస్తారు. ఈలోగా రిహాబ్ వాళ్లు ఎందుకు ఆపాలనుకున్నారో వివరంగా రాసి మీకు ఇవ్వాలి. అప్పీల్ తేలేదాకా వివాదంలో ఉన్న రోజులకు మీకు బిల్లు వేయకూడదు. మొదటి అప్పీల్ పోతే, ఆ కబురు తెలిసిన మర్నాడు మధ్యాహ్నం 12 లోపు రెండో అప్పీల్‌కు వెళ్లొచ్చు.

ఇప్పుడు డబ్బు లెక్క. మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉండి, ఆ తర్వాత రిహాబ్‌లో చేరితే మెడికేర్ ఒక విడతకు 100 రోజుల దాకా కడుతుంది. మొదటి 20 రోజులకు మనం కట్టేదేమీ లేదు. 21వ రోజు నుంచి మన వాటా ఉంటుంది. 2025లో ఆ రేటు రోజుకు 209.50 డాలర్లు, ఏటా జనవరిలో మారుతుంది. ఆ రేటు లెక్కన 21 నుంచి 24 వరకు నాలుగు రోజులకు 838 డాలర్లు ఎలాగూ మీరే కట్టాలి. మంచి సప్లిమెంట్ పాలసీ ఉండుంటే ఈ వాటా అది కట్టేది. మీ అమ్మగారికి ఇంకో 16 రోజులు అవసరమనుకుందాం. అప్పీల్ గెలిస్తే 3,352 డాలర్లతో పోతుంది. అడగకుండా ఊరుకుంటే ఆ 16 రోజులకే 6,880. ఓడిపోతే? తీర్పు వచ్చేలోపు గడిచే శుక్ర, శనివారాల ఖర్చు, 860 డాలర్లు, మీద పడొచ్చు. ఆ మాత్రం రిస్కు తీసుకోవడంలో తప్పులేదని ఆర్థిక సలహాదారుగా నేను గట్టిగా చెబుతాను.

గెలుస్తారా అనేది ఒక్క విషయం మీద ఉంటుంది. అమ్మగారికి రోజూ ఫిజియోథెరపిస్టు గానీ నర్సు గానీ చేయాల్సిన నైపుణ్యమున్న పని ఇంకా మిగిలి ఉందా? స్నానం చేయించడానికీ, అన్నం పెట్టడానికీ మనిషి కావాలంటే మాత్రం మెడికేర్ కట్టదు. కానీ "మెరుగుపడేలా లేరు" అన్న ఒక్క మాటతో ఆపడం కుదరదు. మెడికేర్ మీద వేసిన జిమ్మో కేసులో 2013లో కుదిరిన రాజీ ప్రకారం, ఉన్న స్థితి దిగజారకుండా కాపాడటానికి నిపుణుల చేయి అవసరమైనా మెడికేర్ కవరేజ్ ఉంటుంది. మీ దగ్గర ఇంకా గట్టి కారణమే ఉంది. ఇంట్లో మెట్లెక్కాలి, మెట్ల అభ్యాసమే మొదలు పెట్టలేదు. ఆ సంగతి ఆపరేషన్ చేసిన డాక్టరుతో రెండు లైన్లు రాయించండి. థెరపీ రికార్డులూ అడగండి. అడిగిన 24 గంటల్లో చూపించాలి, రెండు పనిదినాల్లో కాపీలివ్వాలి. వారాంతాలు లెక్కలోకి రావు.

మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్‌నే ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా తీసుకోవడం) ఉన్నవాళ్లకు ఈ కాగితం ఇంకా ముందే రావడం నా క్లయింట్ల దగ్గర చూస్తుంటాను. వాళ్లకూ ఇదే అప్పీల్ హక్కు ఉంది. ఆ ప్లాన్లు మామూలు మెడికేర్ కవరేజ్ నియమాలనే పాటించాలని 2024 నుంచి నిబంధన కూడా ఉంది.

ఇక రెండో సంగతి, బయటికి పంపడం. మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే, మీ అమ్మగారున్నలాంటి రిహాబ్ కూడా అందులోకే వస్తుంది, మనిషి నివాసముండే చోటు, అందుకే చట్టం దాదాపు అద్దెదారుకిచ్చినంత రక్షణ ఇస్తుంది. 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ఆరు కారణాలకే పంపగలరు. అక్కడ తీర్చలేని అవసరాలుండటం, అక్కడ ఉండాల్సిన అవసరం తీరేంతగా కోలుకోవడం, ఇతరుల భద్రతకు ముప్పు, ఇతరుల ఆరోగ్యానికి ముప్పు, నోటీసిచ్చినా డబ్బు కట్టకపోవడం, ఆ సంస్థే మూతపడటం. అదీ రాతపూర్వకంగా, ఎక్కడికి పంపుతున్నారో చెప్పి, మామూలుగా 30 రోజుల ముందు ఇవ్వాలి. చేరి 30 రోజులు కాకపోతే వీలైనంత ముందుగా. ఆ నోటీసు కాపీ రాష్ట్ర ఆంబుడ్స్‌మన్‌కు, అంటే నర్సింగ్ హోమ్‌లలో ఉండేవాళ్ల ఫిర్యాదులు చూసే అధికారికి పంపాలి. దాని మీద రాష్ట్రానికి అప్పీల్ చేసుకోవచ్చు. మేడ మీద పడకగదులున్న ఇంటికి, మెట్లెక్కలేని మనిషిని, ఏ ఏర్పాటూ లేకుండా పంపితే అది సురక్షితమైన డిశ్చార్జ్ కాదు. ఈ మాటే వాళ్లతో అనండి, రాసి కూడా ఇవ్వండి.

మీరే తీసుకెళ్లాలనుకుంటే ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చు. బాకీ ఉందని ఆపే హక్కు వాళ్లకు లేదు. తిరిగి రావాల్సిన డిపాజిట్ ఉంటే 30 రోజుల్లో ఇవ్వాలి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు కలిగించేది వేరే ఉంది. మా మామగారిని రిహాబ్‌లో చేర్చిన రాత్రి, అలసటలో, ఇరవై పేజీల కట్ట మీద చూపించిన చోటల్లా నేను సంతకం పెట్టాను. ఒకచోట నా పేరు కింద "రెస్పాన్సిబుల్ పార్టీ", అంటే బాధ్యత వహించే మనిషి, అని ఉంది. నాలుగు నెలల తర్వాత ఆయన బాకీ నేను కట్టాలంటూ కలెక్షన్ ఏజెన్సీ నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను. వదిలించుకోవడానికి ఏడాది పట్టింది. చేర్చుకోవడానికి గానీ ఉండనివ్వడానికి గానీ మూడో మనిషిని పూచీ పెట్టమని అడగడమే ఫెడరల్ నిబంధనలకు విరుద్ధం. అమ్మగారి ఖాతా మీద మీకు చట్టపరమైన అధికారం ఉంటే, ఆమె డబ్బులోంచి కడతానని సంతకం పెట్టమనొచ్చు. అంతవరకే. ఎప్పుడు సంతకం పెట్టినా మీ పేరు పక్కన "అమ్మ తరఫున" అని, పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే "ఆ హోదాలో" అని కూడా రాయండి.

అందుకే 401కే ముట్టుకోవద్దంటున్నాను. 59½ ఏళ్లు నిండకముందు తీస్తే ఆదాయపు పన్నుతో పాటు మామూలుగా 10 శాతం జరిమానా కూడా పడుతుంది. ముందు అమ్మగారి సొంత డబ్బు, ఆ తర్వాతే పిల్లల సాయం. మీ అన్నయ్యకు అమ్మ మీదున్న ప్రేమ అర్థమవుతోంది. ఆయన అప్పు తేవాల్సిన పని ఇప్పుడైతే లేదు. ఆయన పంపాలనుకున్న డబ్బు అమ్మగారు ఇంటికొచ్చాక పగలు తోడుండే మనిషికి పనికొస్తుంది. ఇంటికొచ్చే నర్సుకూ ఫిజియోథెరపిస్టుకూ, అర్హత ఉంటే, మెడికేర్ పూర్తిగా కడుతుంది. తోడుండే మనిషికి కట్టదు.

వాళ్లతో మాట్లాడేటప్పుడు తెలుగు దుబాసీని ఇవ్వమనండి. తన ఆరోగ్యం సంగతి తనకర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు అమ్మగారిదే. మీరు అనువదిస్తే కష్టమైన మాటలు మీరే మింగేస్తారు, నేనూ అలాగే చేశాను. మెడికేర్ సందేహాలకు మీ రాష్ట్రంలో షిప్ అనే ప్రభుత్వ సలహా పథకం కౌన్సిలర్లు ఉచితంగా సాయం చేస్తారు, 1-800-633-4227కు ఫోన్ చేస్తే వాళ్ల నంబరు చెబుతారు. ఈ రాత్రికి అడ్మిషన్ కాగితాలు బయటికి తీసి, మీ సంతకం ఉన్న ప్రతి పేజీలో దాని కింద ఏం రాసి ఉందో చూసి నాకు రాయండి.