అల్ట్రా వైరీస్ అంటే ఏమిటి? చట్టం దృష్టిలో బలం, అధికారం ఒకటేనా?

ఒకటి కాదు. ఈ తేడా అర్థమైతే చాలా కేసులు సులువుగా అర్థమవుతాయి.

లాటిన్‌లో 'విస్' అంటే బలం. దాని బహువచనమే 'వైరీస్'. న్యాయభాషలోకి వచ్చేసరికి ఈ బహువచనానికి చట్టం ఇచ్చిన అధికారాలు అనే అర్థం స్థిరపడింది. ఆ హద్దు దాటి చేసిన పని అల్ట్రా వైరీస్, హద్దు లోపల చేసినది ఇంట్రా వైరీస్. దాటినవాళ్ల ఉద్దేశం మంచిదైనా ఆ పని చెల్లదు. 1875లో ఇంగ్లండ్‌లో యాష్‌బరీ రైల్వే క్యారేజ్ కంపెనీ కేసు ఇలాంటిదే. రైలు పెట్టెలు తయారుచేయడానికి పెట్టిన ఆ కంపెనీ, బెల్జియంలో రైల్వే లైను నిర్మాణానికి డబ్బు సమకూరుస్తామని ఒప్పుకుంది. వాటాదారులంతా సరేనన్నా ఆ ఒప్పందం చెల్లదని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. లేని అధికారాన్ని ఓట్లతో పుట్టించలేం కదా!

అదే 'విస్' బలం అనే అసలు అర్థంతో కనిపించే మరో లాటిన్ మాట 'వి ఎట్ ఆర్మిస్'. అంటే బలంతో, ఆయుధాలతో అని. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఒకరు ఇంకొకరికి హాని చేశారనే కేసు (ట్రెస్‌పాస్) రాజుగారి కోర్టుకు చేరాలంటే, ఒక దశలో ఫిర్యాదులో ఈ మాట ఉండాల్సి వచ్చేది. అందుకే కత్తి ఊసే లేని తగాదాల్లోనూ రాసేవాళ్లు.

ఇక చట్టబద్ధమైన బలప్రయోగం. నా దృష్టిలో అసలు ముఖ్యమైనది ఇదే. వారెంటు ఉన్న అధికారి, పారిపోతున్న మనిషిని పట్టుకోవడానికి అవసరమైనంత బలం వాడవచ్చు. బేడీలు పడి కదలకుండా కూర్చున్న మనిషిని కొడితే మాత్రం, ఆ దెబ్బకు వారెంటు రక్షణ ఇవ్వదు.