సోషల్ మీడియాలో కొత్తగా పోస్టులు పెడుతున్నాను, ఎవరూ స్పందించడం లేదు. ఆకట్టుకునేలా ఎలా రాయాలి?

మీ బాధ నాకు తెలుసు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంటి మొక్కల పేజీ మొదలుపెట్టిన కొత్తలో, దాదాపు మూడు నెలలు నా పోస్టులకు లైక్ కొట్టింది మా అక్క, ఇద్దరు స్నేహితులు మాత్రమే. ఫోటోలు బాగానే ఉండేవి. కింద "పచ్చదనమే ప్రాణం" లాంటి వాక్యం ఒకటి, దాని వెనక పాతిక హ్యాష్‌ట్యాగులు. ఆ వాక్యం చదివినవాళ్లు ఏమని బదులిస్తారు? అనడానికి అందులో ఏమీ లేదు. ఆ సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

ఒకరోజు నా మనీప్లాంట్ చచ్చిపోయింది. కుండీలోంచి తీసి చూస్తే వేళ్లు నల్లగా, మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. మనసు పాడైపోయి ఆ వేళ్లనే ఫోటో తీశాను. "ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని రోజూ నీళ్లు పోశాను. ఆ నీళ్లే దీన్ని చంపేశాయి" అని రాసి పెట్టాను. సరైన వెలుతురు కూడా లేని ఫోటో అది. సాయంత్రానికి ఇరవైకి పైగా కామెంట్లు వచ్చాయి. "నాదీ ఇలాగే పోయింది" అని కొందరు. "మరి నీళ్లు ఎప్పుడు పోయాలో ఎలా తెలుస్తుంది?" అని ఒకావిడ. ఆవిడ ప్రశ్నకు జవాబే నా తర్వాతి పోస్టు అయింది: మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు.

అప్పటినుంచి రాసే ముందు ఒకే ఒక్క మనిషిని తలచుకుంటాను. నా విషయంలో ఆ మనిషి మా పిన్ని కూతురు, అప్పుడే తన మొదటి మొక్క కొనుక్కుంది. తను ఫోన్ చేసి అడిగితే ఏ మాటల్లో చెబుతానో ఆ మాటల్లోనే రాస్తాను. ఒక పోస్టులో ఒక్క విషయమే చెబుతాను. నీళ్లు, ఎరువు, ఎండ మూడూ ఒకే చోట కుక్కితే ఒక్కటీ గుర్తుండదు. మీకూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు, వెతకండి.

ఎక్కువ కష్టపడాల్సింది మొదటి వాక్యం మీద. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయవచ్చు గానీ, ఫీడ్‌లో ముందు కనిపించేది ఒకటి రెండు వరుసలే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే "అందరికీ నమస్కారం, ఈ రోజు మనం..." అని మొదలుపెట్టకండి. అసలు విషయాన్ని ముందుకు తెచ్చేయండి. ఎక్స్‌లో (పాత ట్విటర్) మామూలు ఖాతాకు ఉన్నవే 280 అక్షరాలు, పైగా తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, అక్కడ ఆరు. అక్కడ క్లుప్తంగా రాయక తప్పదు.

కామెంట్లు రావాలని "లైక్ చేయండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి" అని మాత్రం రాయకండి. ఇలా అడుక్కునే పోస్టులను ఫీడ్‌లో వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ప్రశ్న అడగవచ్చు, కానీ అది ఆలోచించకుండా జవాబిచ్చేలా ఉండాలి. "మీ అభిప్రాయం ఏమిటి?" అన్నప్పుడు నాకు ఒక్క కామెంటూ రాలేదు. "మీ కుండీ పక్కనున్న కిటికీ ఏ దిక్కున ఉంది?" అన్నప్పుడు చాలామంది రాశారు. మీ పోస్టుకు కామెంట్ పెట్టినవాళ్లందరికీ తిరిగి జవాబు రాయండి, "థ్యాంక్స్" అని వదిలేయకుండా. కొత్తలో కామెంట్లు తక్కువే వస్తాయి కాబట్టి ఈ ఓపిక ఇప్పుడే సాధ్యం.

హ్యాష్‌ట్యాగులు విషయానికి సరిపడేవి మూడు నాలుగు చాలు. ఫోటో నిలువుగా, 4:5 కొలతలో (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 5 పాళ్లు) ఉంటే ఫోన్ తెర మీద ఎక్కువ చోటు దక్కుతుంది. వీడియో అయితే 9:16. చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు, చెప్పే మాటలు తెర మీద కనబడేలా చేయండి.

ఇక లైకుల టెన్షన్. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు, ఏ పోస్టును ఎంతమంది సేవ్ చేశారో, ఎంతమంది ఇంకొకరికి పంపారో ఇన్‌సైట్స్ అనే లెక్కల పేజీలో కనిపిస్తుంది. నేను చూసేది ఆ రెండు అంకెలనే. మట్టిలో వేలు పెట్టి చూడమన్న పోస్టుకు లైకులు పెద్దగా రాలేదు, సేవ్‌లు మాత్రం నా పేజీలో దానికే ఎక్కువ. తర్వాత ఏం రాయాలో నాకు దాన్నిబట్టే తెలిసింది. అప్పుడు ప్రశ్న అడిగిన ఆవిడ మొక్క ఇప్పటికీ బతికే ఉంది. కొత్త ఆకు వేసినప్పుడల్లా నాకు ఫోటో పంపుతారు.