లీడర్‌వి అయ్యావంట కదా, ముందు తలకాయలు లెక్కపెట్టటం నేర్చుకో

చిట్టీ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, నిన్ను మీ హైకింగ్ క్లబ్‌లో ట్రిప్ లీడర్‌ని చేశారంట, ఇకమీదట కొత్తవాళ్ళని కొండలమీదకి నువ్వే తీసుకెళ్తావంట. "అక్కా, నీ మాటైతే వింటుంది, మానేయమని కొంచెం చెప్పవా" అన్నాడు. చెప్పను పో అన్నాను. మోకాళ్ళు మొరాయించేదాకా తిరిగినదాన్ని, నేనేం మొహం పెట్టుకుని చెప్తానే నీకు? కానీ ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు ఒకచోట నిలవలేదు. ఇన్నాళ్ళూ నువ్వు కొండెక్కావంటే నీ ఒక్కదాని గురించే భయం, ఇప్పుడు నీ వెనకాల వచ్చే మొహం తెలియని వాళ్ళందరి గురించీ భయపడే పని కూడా నాకే పెట్టావు. గర్వంగా లేదా అంటే ఉంది, ఎందుకుండదు, కనపడ్డవాళ్ళందరికీ చెప్తూనే ఉన్నా.

నీకు తెలుసో లేదో, లండన్‌లో 1857లో పెట్టిన ఆల్పైన్ క్లబ్, ప్రపంచంలో మొట్టమొదటి పర్వతారోహణ క్లబ్ అదే, ఆడవాళ్ళని చేర్చుకోవటానికి వాళ్ళకి 1974 దాకా పట్టింది. అంతదాకా ఎవరు కూర్చుంటారు, ఆడవాళ్ళు 1907లోనే లేడీస్ ఆల్పైన్ క్లబ్ అని సొంతంగా పెట్టేసుకున్నారు. సరే చరిత్ర పాఠం ఎందుకులే గానీ, నువ్వు లీడర్‌వని అందరికీ చెప్పాక కూడా ఎవడో ఒకడు నాకు దారి తెలుసు అంటూ నిన్ను దాటుకుని ముందుకి పోతాడు చూడు, వాణ్ణి మొదటి మలుపులోనే ఆపు. నవ్వుతూనే ఆపు, కానీ ఆపు.

బూట్లు, నీళ్ళు, రెయిన్ జాకెట్, హెడ్ టార్చ్, విజిల్, ఫస్ట్ ఎయిడ్, ఆఫ్‌లైన్ మ్యాప్, ఇవన్నీ మీ క్లబ్ లిస్ట్‌లో ఉంటాయి, నేను చెప్పేదేం లేదు. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకో, అంతే.

టైం లెక్క గురించి మాత్రం కొంచెం చెప్పాలి. నైస్మిత్ అని స్కాట్లాండ్ ఆయన, అక్కడి మౌంటెనీరింగ్ క్లబ్ పెట్టినవాళ్ళలో ఒకడు, 1892లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ అందరూ అదే వాడతారు. మన కొలతల్లో చెప్పాలంటే గంటకి దాదాపు 5 కిలోమీటర్లు, దానిమీద ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట కలుపుకోవాలి. అంటే 12 కిలోమీటర్ల దారి, 900 మీటర్ల ఎక్కుడు ఉందనుకో, దాదాపు 4 గంటలు వస్తుంది. కాగితం మీద బానే ఉంటుంది చూడటానికి. కానీ అందులో ఆగటాల్లేవు, ఫోటోల్లేవు, బూటులో రాయి పడిందని కూర్చునేవాళ్ళు లేరు, పాతికేళ్ళవాళ్ళూ అరవైయేళ్ళవాళ్ళూ కలిసి నడవటం అసలే లేదు. కొత్తవాళ్ళున్న గ్రూప్‌కి అదే దారికి 6 గంటలు వేసుకో, ఇంకా ఎక్కువే వేసుకున్నా తప్పులేదు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో బయల్దేరేముందే అందరిముందూ చెప్పు, తర్వాత శిఖరం అదిగో కనపడుతోంది ఇంకో పావుగంటే అని ఎవరెంత బతిమాలినా సరే తిరగాల్సిందే. ఆ పావుగంట ఎప్పుడూ పావుగంట కాదు.

ఇంకోటి, ముందు నడిచేవాళ్ళు ఒకచోట ఆగి కూర్చుంటారు, నీళ్ళు తాగుతారు, జోకులేసుకుంటారు, వెనకబడ్డ మనిషి రొప్పుకుంటూ వచ్చేసరికి "హమ్మయ్య వచ్చేశారు, పదండి" అని లేస్తారు. అంటే ఎవరికి రెస్ట్ అవసరంలేదో వాళ్ళకి పది నిమిషాలు, ఎవరికి ప్రాణం పోతోందో వాళ్ళకి సున్నా. రోజంతా ఇదే జరుగుతుంది, ఆ మనిషి సిగ్గుతో ఏమీ అనడు, అడిగితే బానే ఉన్నానంటాడు. ఆఖరి మనిషి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, ఊపిరి సరయ్యాకే నీ బ్రేక్ మొదలైనట్టు లెక్క. ముందున్న గుర్రాలు విసుక్కుంటాయి, విసుక్కోనీ.

అందరికన్నా వెనక స్వీప్‌గా నడవటానికి నీకు బాగా నమ్మకమున్న మనిషిని పెట్టు, ఏ పనీ లేక మిగిలిపోయినవాణ్ణి కాదు. స్వీప్ అంటే చాలామందికి చిన్నచూపు, నన్నడిగితే లీడర్ కన్నా వాడి పనే పెద్దది. వాడిని దాటి ఎవరూ వెనక ఉండకూడదు, బాత్రూమ్‌కి పక్కకెళ్ళినా బ్యాగ్ దారిమీద కనపడేలా పెట్టి వెళ్ళమను. ఇంక లెక్కపెట్టటం. "అందరూ ఉన్నారా?" అని అరవటం లెక్క కాదు. లేనివాడు లేనని అరవడు కదా. వేలు చూపించి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టు, బయల్దేరేటప్పుడు, ప్రతి బ్రేక్‌లో, దారి చీలిన ప్రతిచోటా, వాగు దాటాక. చాదస్తం అంటారు, అననీ.

ఎందుకింతగా చెప్తున్నానో ఇదివరకు ఎప్పుడూ నీకు చెప్పలేదు. మీ నాన్నకి అసలే చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నేను క్లబ్‌లో చేరిన కొత్తల్లో ఒక ఆదివారం ట్రిప్‌కి వెళ్ళాం. మా లీడర్ మాలో అందరికన్నా అనుభవం ఉన్నవాడు, మంచోడు కూడా, ఆ మాట ముందే చెప్తున్నా ఎందుకంటే ఇలాంటి కథ వినగానే లీడర్ ఎవడో నిర్లక్ష్యపు మనిషి అనుకుంటారు. గ్రూప్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరయ్యాడు, మెత్తటి మనిషి, అందరినీ మీరు మీరు అనేవాడు. ఎక్కుతుంటే సగందారిలో మోకాలు పట్టేసింది ఆయనకి. ఒక కుర్రాడు "అంకుల్ మీ బ్యాగ్ నాకివ్వండి" అని లాక్కుని మరీ తీసుకున్నాడు, మేమందరం వాణ్ణి మెచ్చుకున్నాం. ఇంకొంచెం ఎక్కాక ఆయనే అన్నాడు, నావల్ల మీ అందరికీ లేటవుతోంది నేను మెల్లగా దిగిపోతాను, బండి దగ్గర కూర్చుంటాను అని. లీడర్ ఒక్క క్షణం ఆలోచించాడు, వచ్చిన దారే కదా, తిన్నగా దిగటమే కదా, గంటలో బండి దగ్గరుంటారు అన్నాడు. ఆయన చెయ్యూపుతూ దిగిపోయాడు. బ్యాగ్ కుర్రాడి వీపుమీదే ఉంది. జాకెట్ అందులో, టార్చ్ అందులో, నీళ్ళూ అందులోనే. ఎవరికీ గుర్తు రాలేదు, ఆయనక్కూడా.

వచ్చిన దారే కదా అంటాం చూడు, అక్కడే ఉంది తంటా అంతా. ఎక్కేటప్పుడు పక్కనుంచి ఇంకో దారి వచ్చి మన దారిలో కలిస్తే మనకి తెలియనే తెలియదు, అది వెనకనుంచి వచ్చి కలిసిపోతుంది, మన చూపు ముందుకుంటుంది. అదే దిగేటప్పుడు ఎదురుగా రెండు దార్లు కనపడతాయి, రెండూ ఒకేలా ఉంటాయి, పొద్దున ఇక్కడ చీలిక ఉన్నట్టే గుర్తుండదు. అందుకే ఎక్కేటప్పుడు మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూస్తుండమని కొత్తవాళ్ళకి చెప్పాలి. ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా మోకాలి నొప్పిలో చూసేవాడో లేదో. కిందకి పోయే దారి కదా అని రెండోది పట్టుకున్నాడు, అది పశువుల దారి, కొంతదూరం పోయి వాగులోకి దిగిపోయింది. దారి తప్పినవాళ్ళందరూ నీళ్ళని పట్టుకుని కిందకి పోదాం అనుకుంటారు, కొండల్లో నీళ్ళు పోయేచోట మనిషి పోలేడు, ఏదో ఒకచోట జారుడు బండలూ నిలువు దూకుడూ వస్తాయి. ముందుకి దిగలేక, మళ్ళీ వెనక్కి ఎక్కే ఓపిక లేక అక్కడే ఆగిపోయాడు.

మేం సాయంత్రం నవ్వుకుంటూ దిగాం. డ్రైవర్‌ని అడిగితే ఎవరూ రాలేదే అన్నాడు. అప్పుడు చూశాను మా లీడర్ మొహం. కుర్రాడు భుజంమీదున్న ఆ బ్యాగ్ తీసి బండి మెట్టుమీద పెట్టి దానివైపే చూస్తూ నిలబడిపోయాడు. ఒక చినుకు మొదలైంది, పెద్ద వానేం కాదు. ఇద్దరిని ఫోన్ దొరికే చోటికి పంపించి, మిగిలినవాళ్ళం రెండు గుంపులుగా టార్చ్‌లు వేసుకుని మళ్ళీ ఎక్కాం, విజిల్ ఊదటం, ఆగి వినటం, ఊదటం, వినటం. ఆయన దగ్గర విజిల్ కూడా లేదు కదా, గొంతుతోనే అరిచాడు, అది వాగు హోరులో మాదాకా రాలేదు. దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. బండరాయికి ఆనుకుని ముడుచుకుని ఉన్నాడు, వణకటం కూడా ఆగిపోయింది, నన్ను చూసి ఏదో పేరు పెట్టి పిలిచాడు, అది నా పేరు కాదు. తడిబట్టలు తీసేసి, మా దగ్గరున్న పొడివన్నీ కప్పి, కిందా పైనా బ్యాగులు పెట్టి, ఇటొకరు అటొకరు ఆనుకుని కూర్చున్నాం, రెస్క్యూ వాళ్ళు స్ట్రెచర్ తెచ్చేదాకా. బతికాడు. మళ్ళీ క్లబ్‌కి రాలేదు, అడిగితే ఎవరినీ ఏమీ అనలేదు, నాదే పొరపాటమ్మా అన్నాడు, అది వినటానికే నాకు కష్టంగా ఉండేది.

ఆ రోజు మంచు పడలేదు చిట్టీ, గడ్డకట్టే చలి కూడా కాదు. ఒళ్ళు తడిసి గాలి తగిలితే పది డిగ్రీల్లో కూడా మనిషి హైపోథర్మియాలోకి పోతాడు, లోపలి వేడి 35 డిగ్రీల కిందకి వస్తే చాలు. పైకి పోయేకొద్దీ ప్రతి 1000 మీటర్లకీ దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కూడా. మాట ముద్దగా వస్తోందా, జిప్ వేసుకోలేకపోతున్నాడా, ఊరికే తూలుతున్నాడా చూస్తుండు. వణుకుతున్నవాడి కన్నా వణకటం ఆగిపోయిన తడిమనిషి గురించి ఎక్కువ భయపడు.

కాబట్టి రెండు మాటలు, ఇవి మాత్రం నువ్వు నాకు ఒట్టేసి చెప్పాలి. ఎవరినీ ఒంటరిగా వెనక్కి పంపకు. దిగాలంటే తోడు పంపు, తోడు పంపటానికి దారి తెలిసిన మనిషి లేకపోతే గ్రూపంతా దిగాల్సిందే, శిఖరం ఎక్కడికీ పోదు. రెండోది, ఎవరి బరువైనా తగ్గించాలంటే జాకెట్, టార్చ్, విజిల్, నీళ్ళు, తినటానికేదైనా ఆ మనిషి దగ్గరే వదిలి మిగతాది తీసుకోండి. విజిల్ బ్యాగ్‌లో కాదు, మెడలో ఉండాలి. నిమిషంలో 6 సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ 6 సార్లు, అది సాయం కావాలనే సంకేతం, విన్నవాళ్ళు నిమిషానికి 3 సార్లు ఊదుతారు. కొన్ని దేశాల్లో 3 సార్లు ఊదటమే సాయం కోసం, మీ ప్రాంతంలో ఏది నడుస్తుందో కనుక్కుని బయల్దేరేముందు అందరికీ ఒకసారి చెప్పు.

పిడుగుల సంగతి నీకు తెలుసు, ఉరుము వినపడిందంటే అప్పటికే దగ్గరున్నట్టు, గట్టుమీంచి దిగిపోండి, ఒంటరి చెట్టు కింద చేరకండి, అందరూ ఒకచోట గుంపుగా నిలబడకండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే కదలండి. 2500 మీటర్లు దాటితే తలనొప్పి అన్నవాణ్ణి ఇంకా పైకి ఎక్కించకు, ఎక్కువైతే దించెయ్.

ఫారాల గురించి కూడా. క్లబ్ ఫారంలో ఆరోగ్యం గురించి అడిగేచోట అందరూ ఏమీలేదని రాసేస్తారు, ట్రిప్‌కి రానివ్వరేమోనని. నువ్వు ముందురోజు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగు, ఆస్తమా ఉందా, షుగర్ ఉందా, ఇన్‌హేలర్ ఏ జేబులో ఉంటుంది అని. మాటల్లో చెప్తారు, కాగితం మీద చెప్పరు. ఇది నీకు చేతకానిదేం కాదు, చిన్నప్పుడు బస్సులో పక్కసీటువాళ్ళ ఇంటి సంగతులన్నీ లాగేదానివి. ఈజీ ట్రిప్ అని రాసి కష్టం దారికి తీసుకెళ్ళకు, జనం రారేమోనని ఆ పని చేసే క్లబ్‌లు ఉన్నాయి. నీకు ఈ మనిషి ఈ దారి నడవలేడు అనిపిస్తే ముందే రావద్దని చెప్పు, కొండమీద చెప్పటంకన్నా ఫోన్‌లో చెప్పటం సులువు. నీకు కాదనటం రాదు, మెత్తదానివి, మీ తాతయ్య పోలిక. అందుకే నాకీ దిగులు, కొండ గురించి కాదు.

ప్రతి ట్రిప్‌కీ ఇంటి దగ్గర ఒక మనిషి దగ్గర ప్లాన్ ఉండాలి కదా, మీ క్లబ్‌లో ఎవరినో పెట్టే ఉంటారు, వాళ్ళతోపాటు నాకూ పంపు. ఏ దారి, ఎంతమంది, బండి నంబరు, ఎన్నింటికి దిగి ఫోన్ చేస్తావు, ఎన్నింటిదాకా రాకపోతే రెస్క్యూకి చెప్పాలి, ఆ రెస్క్యూ నంబరేంటి. అన్నీ ఒక్క మెసేజ్‌లో పెట్టు, అక్కడక్కడా ముక్కలుగా కాదు. నువ్వు దిగాక ఫోన్ చెయ్యటం మర్చిపోయి స్నేహితులతో కబుర్లలో పడ్డావనుకో, నేను నిజంగానే రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేసేస్తాను, తర్వాత నీ పరువు పోయిందని నామీద అరవకు.

మీ అత్త